ఆఫీసులు మూసేశాక మొదలయ్యే సినిమా

(తెలంగాణ చలనచిత్ర అభివృద్ధి సంస్థ ఛైర్మన్ గారికి బహిరంగ లేఖ)

అయ్యా,



హైదరాబాద్‌లో షూటింగుకు అనుమతులిచ్చే ఆఫీసులు శుక్రవారం సాయంత్రం మూసేస్తారు. 48 గంటల షార్ట్ ఫిల్మ్ పోటీ శుక్రవారం సాయంత్రం ఏడింటికి మొదలై ఆదివారం సాయంత్రానికి ముగుస్తుంది. మధ్యలో వచ్చే శనివారం కొన్ని ఆఫీసులు తెరిచే ఉన్నా, ఆ రోజు పెట్టిన అర్జీ ఆ రోజే తేలడం నేనెన్నడూ చూడలేదు. సోమవారం గుమస్తా గారు బీరువా తాళం తీసే వేళకు మా సినిమా పూర్తయిపోయి, మేమంతా నిద్ర కళ్లతో ఎవరి ఉద్యోగాలకు వాళ్లం పోయి ఉంటాం. నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగిలిన లేఖంతా దీనికి వివరణ.

ఈ పోటీల సంగతి మీకు తెలియనిది కాదు. చదివే మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. 2001లో అమెరికాలోని వాషింగ్టన్‌లో మార్క్ రూపర్ట్, లిజ్ లాంగ్‌స్టన్ కలిసి 48 అవర్ ఫిల్మ్ ప్రాజెక్ట్ మొదలుపెట్టారు. జట్టు తరఫున ఒకరు వచ్చి చీటీ తీస్తారు. అందులో హారర్ అని ఉండొచ్చు, కామెడీ అని ఉండొచ్చు, మూకీ సినిమా అని కూడా ఉండొచ్చు. ఆ ఊళ్లో పాల్గొనే జట్లన్నిటికీ కలిపి ఒక పాత్ర, ఒక వస్తువు, ఒక డైలాగు ఇస్తారు. ఆ మూడూ సినిమాలో ఉండి తీరాలి. ముందే తీసి దాచుకున్నది తెచ్చి ఇవ్వకుండా ఇదొక కట్టడి. సినిమా నిడివి నాలుగు నుంచి ఏడు నిమిషాలు. రాయడం, తీయడం, ఎడిటింగ్, సంగీతం అన్నీ ఆ 48 గంటల్లోనే కావాలి. ఇదే బాటలో 2011లో అహ్మదాబాద్‌లో పుట్టిన ఇండియా ఫిల్మ్ ప్రాజెక్ట్ 50 గంటలు ఇచ్చింది. గోవా అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో 2022లో కేంద్ర ప్రభుత్వమే ఇలాంటి పోటీ నడిపింది. అది 53వ ఉత్సవం కాబట్టి గడువు 53 గంటలు.

వీటివల్ల ఏం ఒరిగిందని అడిగేవాళ్లకు చూపించడానికి హైదరాబాద్‌కు మంచి ఉదాహరణ ఉంది. తరుణ్ భాస్కర్ 48 గంటల పోటీ కోసమే ‘అనుకోకుండా’ తీశారు. అందులో నటించిన రీతూ వర్మకు ఉత్తమ నటి బహుమతి వచ్చింది. 2016లో అదే దర్శకుడు, అదే నటితో ‘పెళ్ళిచూపులు’ వచ్చింది. ఉత్తమ తెలుగు చిత్రంగా, సంభాషణలకు కూడా జాతీయ అవార్డులు తెచ్చుకుంది. మరో రెండేళ్లకు ఆయనే, గోవాలో షార్ట్ ఫిల్మ్ పోటీ కోసం తంటాలు పడే నలుగురు స్నేహితుల మీద ‘ఈ నగరానికి ఏమైంది’ తీశారు. 2023లో దాన్ని మళ్లీ విడుదల చేస్తే కుర్రాళ్లు ఎగబడి చూశారు. ఆ నలుగురిలో తామెవరో ఇవాళ ప్రతి స్నేహబృందానికీ తెలుసు. రాజ్ తరుణ్, సుజీత్ వచ్చింది కూడా షార్ట్ ఫిల్ముల దారినే. (‘అనుకోకుండా’ కాన్ చలనచిత్రోత్సవంలోని షార్ట్ ఫిల్మ్ కార్నర్ దాకా వెళ్లింది. అది పోటీ విభాగం కాదు, పొట్టి సినిమాలు తీసేవాళ్లూ కొనేవాళ్లూ కలుసుకునే చోటు. మనవాళ్లు పోస్టర్ల మీద ‘కాన్’ అని బండ అక్షరాలతో వేసుకునే అలవాటు మీద నాకున్న చిరాకును ఇక్కడ కక్కేసి ముందుకు పోతాను.)

మా జట్టులో నా పని ప్రొడక్షన్. పెద్ద సినిమాల్లో ఆ మాట బరువైనది. మా దగ్గర అంటే ఇడ్లీ పొట్లాలు తేవడం, ఎక్స్‌టెన్షన్ బాక్సులు మోయడం, వాచ్‌మన్లను బతిమాలడం. వారమంతా మాదాపూర్‌లో కంప్యూటర్ ముందు కూర్చునే మనిషిని. మాలో ఒకడిది బ్యాంకు ఉద్యోగం, ఒకామె ప్రైవేటు స్కూల్లో టీచరు. కెమెరా పట్టేవాడు పెళ్లి వీడియోలు తీస్తాడు, మా అందరిలో కెమెరాతో అన్నం తినేవాడు వాడొక్కడే. మంచి ముహూర్తాలున్న వారాంతంలో పోటీ పడితే వాడు రాడు. అప్పుడు ఫోనుతో తీస్తాం.

ఏళ్ల తరబడి ప్రతి బిర్యానీ దగ్గరా ‘మనమొక సినిమా తీయాలిరా’ అనుకున్నవాళ్లమే మేమంతా. కథ కుదరాలి, మంచి కెమెరా అద్దెకు తేవాలి, హీరోయిన్ దొరకాలి, అందరికీ సెలవు దొరకాలి. ఈ సాకులు ఎప్పటికీ తరగవు. గడువు పెట్టగానే అవన్నీ ఎగిరిపోయాయి. ఆదివారం సాయంత్రానికి ఇవ్వాలంటే హీరోయిన్ ఎవరంటారా? గదిలో మాతో పాటు ఉన్న టీచరమ్మే. ఆమె మేమనుకున్న హీరోయిన్ కంటే బాగా చేసింది, అది వేరే సంగతి.

చీటీ తీశాక గంటలోపు ఎవరో ఒకరి ఫ్లాట్‌లో చేరతాం. అందరూ ఒకేసారి మాట్లాడతారు. మొదట వచ్చే కథలన్నీ ఎవరో ఎప్పుడో తీసేసినవే అయ్యుంటాయి. చివరికి అంతా కల అని తేలడం, చచ్చిపోయినవాడే కథ చెబుతుండటం, ఫోన్లో మాట్లాడిన మనిషి అసలు లేడని తెలియడం. వీటిని దులిపేసుకోవడానికే పదిన్నరవుతుంది. అప్పుడు రాసేవాడు నావైపు తిరిగి, “అన్నా, మనకు ఏం లొకేషన్లున్నయ్?” అంటాడు. పెద్ద సినిమాలో కథ కుదిరాక రెక్కీకి పోతారు. మాకు లొకేషన్ ఎంతుంటే కథ అంత. టెర్రస్ ఉంది. సెల్లార్ ఉంది. మెట్లున్నాయి. మా మేనమామ కిరాణా కొట్టు రాత్రి షట్టరు దించాక మనదే. తెలిసిన పళ్ల డాక్టరు గారి క్లినిక్ ఆదివారం ఖాళీ. చీటీలో వచ్చిన వస్తువు గొడుగనుకోండి, ఆ గొడుగు ఈ ఐదు చోట్లలో ఎక్కడో ఒకచోట తెరుచుకోవాలి.

రాత్రి రెండింటికి స్క్రిప్టు లాక్ అయిందని ప్రకటిస్తాం. పొద్దున టీచరమ్మ చదివి, “ఈ అమ్మాయి ఎందుకు ఏడుస్తోంది? నేనైతే తిడతాను” అంటుంది. సీను అక్కడికక్కడే మారిపోతుంది, బాగుపడుతుంది కూడా.

శనివారం వెలుగు రాగానే మొదటి షాట్ పడాలి. ఇక అక్కణ్నుంచి సినిమా అంటే చిల్లర సమస్యల వరస. మన ఇళ్ల కరెంటు సెకనుకు 50 సైకిళ్లది. కెమెరాను సినిమా లెక్కన 24 ఫ్రేముల దగ్గర, షట్టరును 48 దగ్గర పెడితే ట్యూబులైటు వెలుగు తెర మీద వణుకుతుంది. 25 ఫ్రేములకు, 50 షట్టరుకు మారిస్తే కుదురుకుంటుంది. ఈ సంగతి తెలియని జట్టు రాత్రి ఎడిటింగులో కూర్చున్నాక తల పట్టుకుంటుంది. ఫ్యాను ఆపితే నటులకు చెమట, ఆపకపోతే కాలర్ మైకులో హోరు. ఫ్రిజ్ చప్పుడు వినబడకుండా ప్లగ్గు తీస్తాం. మళ్లీ పెట్టడం మరిచిపోకుండా బండి తాళాలు ఫ్రిజ్‌లోనే పెడతాం, సౌండ్ వాళ్ల పాత చిట్కా ఇది. టేకు బాగా వస్తున్నప్పుడే పైఇంట్లో కుక్కర్ కూస్తుంది. 4కేలో 100 మెగాబిట్ల లెక్కన తీస్తే గంటకు 45 జీబీ. కార్డు నిండిన ప్రతిసారీ రెండు హార్డ్ డిస్కుల్లోకి కాపీ చేయాలి. ఆ కాపీ అయ్యేదాకా ఎవరూ ల్యాప్‌టాప్ దగ్గరికి రాకుండా కాపలా కాయడం కూడా ప్రొడక్షన్ పనే.

శనివారం రాత్రికి జట్టుకు యజమాని మారతాడు. అప్పటిదాకా డైరెక్టరు మాటే చట్టం. ఇప్పుడు మౌస్ ఎవరి చేతిలో ఉంటే వాడిది. మధ్యాహ్నం ఎండలో అందరం మాడిపోతూ తీసిన గింబల్ షాట్‌ను, ఎడిటర్ ‘కథకు అడ్డం’ అని ఒక్క నొక్కుతో తీసేస్తాడు. డైరెక్టరు బాల్కనీలోకి వెళ్లి నిలబడతాడు. అతన్ని లోపలికి పిలుచుకురావడానికి ఎవరో ఒకరు టీ పట్టుకుపోవాలి. ఏడు నిమిషాలకు ఒక్క సెకను ఎక్కువున్నా ఒప్పుకోరన్న నియమం లేకపోతే ఆ షాట్ ఉండిపోయేది, సినిమా కుంటుపడేది. సినిమా స్కూల్లో నెలల తరబడి నేర్పే పాఠం ఆ బాల్కనీలో అరగంటలో తలకెక్కుతుంది. ఆదివారం పొద్దున పరుపులు నిలబెట్టి, దుప్పట్లు కప్పుకుని డబ్బింగ్. ఇళయరాజా ట్యూన్ ఒకటి వెనక వేసుకోవాలని అందరికీ ఉంటుంది. హక్కుల కాగితం లేకుండా కుదరదు కాబట్టి గిటారు వచ్చిన తమ్ముణ్ని నిద్రలేపుతాం. చివరి గంటంతా ఎక్స్‌పోర్ట్ ఎంత శాతం అయిందో చూస్తూ ఊపిరి బిగబట్టడమే.

ఇదంతా మేం కోరి నెత్తికెత్తుకున్నది. నిద్ర లేదని, టైం చాలదని మీకు మొరపెట్టుకోవడం లేదు. గడువు ఇంకో రోజు పెంచమని ఎవరైనా అడిగితే నేనే అడ్డుపడతాను, ఆ రోజు కూడా కథ మీద గొడవలకే పోతుంది. నా మొర లొకేషన్ గురించి. టైం తక్కువని తెలిసే చీటీ తీశాం. ఊరు మొత్తం మాకు మూసేసి ఉంటుందని మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఒక చిన్న సీను చెబుతాను. ఇద్దరు స్నేహితులు చార్మినార్ దగ్గర టీ తాగి, ఎంజీబీఎస్ దాకా నడిచి మెట్రో ఎక్కి, లక్డీకాపూల్‌లో దిగి, హుస్సేన్‌సాగర్ గట్టు మీద విడిపోతారు. తెర మీద ఒక నిమిషం. చార్మినార్ కేంద్ర పురావస్తు శాఖది. దాని ముందు వీధి కార్పొరేషన్‌ది. ఆ వీధిలో ట్రాఫిక్ పోలీసులది. మెట్రో మెట్రోవాళ్లది. సాగర్ చుట్టూ తోటలు నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏవి. మెట్రో బదులు ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కిస్తే దక్షిణ మధ్య రైల్వే. కుతుబ్‌షాహీ సమాధుల దాకా తీసుకుపోతే రాష్ట్ర వారసత్వ శాఖ. పెద్ద నిర్మాణ సంస్థకు ఈ ఆఫీసులన్నీ తిరగడానికే మేనేజర్లుంటారు, వారాల వ్యవధి ఉంటుంది. కేంద్రం 2015లో ఫిల్మ్ ఫెసిలిటేషన్ ఆఫీసు పెట్టి, తర్వాత ఆన్‌లైన్‌లో అనుమతుల దారి తెరిచింది. మంచి పనే. అయితే అలాంటి దరఖాస్తుల్లో కథాసంగ్రహం, తేదీలు, లొకేషన్ల జాబితా రాయాలి. శుక్రవారం ఏడింటిదాకా మాకు కథే ఉండదు. ఉంటే పోటీ నియమం తప్పినట్టు.

పైగా లొకేషన్ వాడుకోవడానికి యజమాని సంతకం చేసిన కాగితం జతచేయమని పోటీవాళ్లే అడుగుతారు. టెర్రస్‌కు ఇంటి ఓనరు సంతకం పెడతాడు. నెక్లెస్ రోడ్డుకు శనివారం పొద్దున ఆరింటికి ఎవరు పెడతారు?

దీని ఫలితం చూడాలంటే యూట్యూబ్‌లో మన షార్ట్ ఫిల్ములు వరసగా ఓ పది వేసుకోండి. గది, టెర్రస్, కాఫీ షాపు, ఆపి ఉంచిన కారు. మళ్లీ గది. మనవాళ్లకు ప్రేమ విఫలమైనా, దయ్యం పట్టినా, ఉద్యోగం పోయినా అదే సోఫాలో. ఇది ఊహాశక్తి లేక వచ్చిన కరువని చాలామంది విమర్శకులు రాస్తుంటారు. వాళ్లెవరూ వాచ్‌మన్‌ను బతిమాలినట్టు లేదు. రాంగోపాల్ వర్మ 2011లో ‘దొంగల ముఠా’ను ఐదు రోజుల్లో, చిన్న కెమెరాలతో, కొద్దిమంది సిబ్బందితో తీసినప్పుడు కథను ఎక్కువగా ఒక రిసార్టులోనే నడిపారు. రవితేజ ఉన్న సినిమాకే వేగంగా తీయాలంటే నాలుగు గోడలు కావలసివస్తే ఇక మా సంగతి చెప్పాలా.

కాపలా వాళ్లతో నా సంభాషణలన్నీ దాదాపు ఒకే తీరు. ఒక పార్కు గేటు దగ్గర జరిగినది రాస్తాను.

“ఏం షూటింగ్?”

“షార్ట్ ఫిల్మ్ అన్నా.”

“హీరో ఎవరు?”

“హీరో లేడన్నా, మేమే.”

“హీరో లేకుంటే సినిమా ఎట్లయితది? ప్రీ వెడ్డింగా?”

అవునంటే ఫీజు కట్టించుకుని లోపలికి పంపేవాడు. ప్రీ వెడ్డింగ్ షూట్ అంటే అందరికీ తెలుసు, దానికో రేటు ఉంది, రసీదు ఉంది. మా డైరెక్టరు, టీచరమ్మ పక్కపక్కన నిలబడి నవ్వితే సరిపోయేది. ఆ అబద్ధం ఆడటానికి టీచరమ్మ ఒప్పుకోలేదు. ఆమె భర్త ఆ రోజు మా లైట్లు పట్టుకున్నాడు మరి.

ఒకసారి మాకు చీటీలో ‘రోడ్ మూవీ’ వచ్చింది. ఎగిరి గంతేశాం. తెల్లవారుజామున ఖాళీగా ఉండే ఒక సర్వీసు రోడ్డు ముందే చూసిపెట్టుకున్నాం. కారు పక్కకు ఆపి, ట్రైపాడ్ నేల మీద పెట్టి, దారికి ఎవరికీ అడ్డం లేకుండా మొదటి షాట్ తీస్తుండగా గస్తీ బండి వచ్చింది. వచ్చినాయన దురుసుగా ఏమీ మాట్లాడలేదు. పర్మిషన్ లెటర్ అడిగాడు. లేదన్నాం. “రేపు ఏదన్నా అయితే నన్నడుగుతరు” అన్నాడు. అతను చెప్పింది నిజమే. నలుగురు పిల్లల మాట నమ్మి వదిలేశానని పైవాళ్లకు చెప్పుకోవడానికి అతని చేతిలో కూడా ఏ కాగితమూ లేదు. సర్దుకుని వచ్చేశాం.

అలా రోడ్ మూవీని అపార్టుమెంటు సెల్లార్‌లో తీశాం. కారు ఆగే ఉంది. ఒకడు డిక్కీ దగ్గర నిలబడి మెల్లగా ఊపుతున్నాడు. ఇద్దరు ఎల్ఈడీ ప్యానెళ్లు పట్టుకుని కిటికీల పక్కగా ముందునుంచి వెనక్కి నడుస్తున్నారు, వీధి దీపాలు దాటిపోతున్నట్టు. ఒకడు వేపకొమ్మను లైటుకు అడ్డంగా తిప్పుతున్నాడు, చెట్ల నీడల కోసం. నేను టేబుల్ ఫ్యాను పట్టుకున్నాను, టీచరమ్మ జుట్టు ఎగరడానికి. స్టూడియోల్లో కూడా ఈ పద్ధతి వాడతారు, కొత్తదేం కాదు. ప్రదర్శన రోజు ఇదంతా సెల్లార్‌లో తీశామని చెబితే హాలంతా చప్పట్లు. ఆ చప్పట్లకు నేను నవ్వాను గానీ లోపల ఒప్పుకోలేకపోయాను. ఆ కథలో ఇద్దరూ ఊరు వదిలిపోతున్నారు. వాళ్లు వదిలిపోతున్న ఊరు ఒక్క ఫ్రేములోనూ లేదు. ఇరుకులో పుట్టిన తెలివిని మెచ్చుకోవడం మనకు బాగా అలవాటు. మెచ్చుకున్నాక ఆ ఇరుకు సంగతి ఎవరూ అడగరు.

మీ వైపు నుంచి వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. రీల్స్. రైలు పట్టాల మీద నిలబడి తీసుకున్నవాళ్లు, నడిరోడ్డు మీద నోట్లు విసిరి జనాన్ని పోగేసినవాళ్లు, మెట్రోలో ప్రయాణికులను ఏడిపించి ప్రాంక్ అన్నవాళ్లు. వాళ్లనూ మమ్మల్నీ దూరం నుంచి చూస్తే తేడా తెలియదు, చేతిలో అదే ఫోను, అదే గింబల్. పోలీసుల భయం అకారణమైనది కాదు. బొమ్మ తుపాకీని నిజమైనదని ఎవరైనా అనుకుంటే ఏమవుతుందో తలుచుకుంటే నాకే భయం. అందుకే నేను అడిగేది స్వేచ్ఛగా వదిలేయమని కాదు. ఎవరు ఎవరో తెలిసేలా ఒక గుర్తింపు ఇవ్వమని. ఇవాళ అడిగి తీసేవాడికి వీధి దొరకదు, అడగకుండా తీసి పారిపోయేవాడికి దొరుకుతుంది. ఈ పద్ధతి నేర్పేది రెండో రకాన్నే.

ఇది వేరే చోట తేలిన సమస్యే. 2005లో న్యూయార్క్‌లో ఒక మనిషి చేతి కెమెరాతో వీధిని తీస్తుంటే పోలీసులు అదుపులోకి తీసుకుని గంటల తరబడి ప్రశ్నించారు. ఆ మనిషి మనవాడే, ‘ఫైనల్ సొల్యూషన్’ డాక్యుమెంటరీ తీసిన రాకేశ్ శర్మ. న్యూయార్క్ సివిల్ లిబర్టీస్ యూనియన్ ఆయన తరఫున కోర్టుకు వెళ్లింది. నగరం రాజీకి వచ్చి నియమాలు రాసుకుంది. 2008 నుంచి అక్కడ చేతి కెమెరాతో గానీ, ట్రైపాడ్‌తో గానీ తీసేవాళ్లు, వీధిని తమకే ప్రత్యేకంగా కేటాయించమని అడగనంతవరకు, పర్మిట్ అక్కర్లేదు, బీమా అక్కర్లేదు. కావాలనుకున్నవాళ్లకు ఐచ్ఛిక పర్మిట్ అని ఒకటి ఇస్తారు, పోలీసు అడిగితే చూపించుకోవడానికి. ఒక భారతీయుడి కేసుతో న్యూయార్క్ మారింది. ఆ సదుపాయం భారతీయులకు భారతదేశంలో ఎందుకుండకూడదో నాకు అర్థం కాదు.

మీ సంస్థ చేయగలిగింది ఒకటుంది. రోడ్డు మీది కాదు, మెట్రో మీది కాదు, నిజమే. కానీ ఆ శాఖలన్నిటినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టగల హోదా మీకుంది. వాళ్లందరి పేరిట ఒకే పత్రం తయారు చేయించండి. పోటీలో పేరు నమోదు చేసుకున్న జట్టుకు వారం ముందే ఇవ్వండి. అందులో కథ అడగకండి, లొకేషన్ అడగకండి. మనుషుల పేర్లు, ఆధార్, ఫోను నంబర్లు తీసుకోండి. పదిమందికి మించకూడదనండి. ఒక కెమెరా, ఒక ట్రైపాడ్, బ్యాటరీతో వెలిగే లైట్లు, అంతే. జనరేటర్ వద్దు, క్యారవాన్ మాకెలాగూ లేదు. దారి ఆపకూడదు, ఆయుధాల బొమ్మలు వాడకూడదు, డ్రోన్ ఎగరేయకూడదు, రైలు పట్టాల దరిదాపులకు పోకూడదు, దారినపోయేవాళ్ల ముఖాలు వాళ్ల అనుమతి లేకుండా దగ్గర్నుంచి తీయకూడదు. అన్నిటికీ ఒప్పుకుంటాం. శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం సాయంత్రం దాకా చెల్లితే చాలు. కేంద్రం చేతిలో ఉన్న కట్టడాలు, రైల్వే స్టేషన్లు ఇందులోకి రావడం కష్టమైతే వాటిని వదిలేయండి. రాష్ట్రం చేతిలో ఉన్న వీధులు, చెరువు గట్లు, పార్కులతో మొదలుపెట్టండి. చార్మినార్ లేకపోయినా మాకు కథలున్నాయి.

ఫీజు పెట్టకండి. ప్రీ వెడ్డింగ్ రేటు అసలే పెట్టకండి.

పత్రం ఒక్కటే చాలదు. అది గేటు దగ్గరి మనిషికి అర్థం కావాలి. తెలుగులో, ఉర్దూలో ఒక పేజీ రాయించి స్టేషన్లకు, పార్కులకు పంపండి. ‘ఈ కాగితం ఉన్నవాళ్లకు హీరో అక్కర్లేదు’ అని అందులో ఒక వాక్యం చేరిస్తే మరీ మంచిది. గస్తీకి వచ్చినాయనకు అనుమానం వస్తే ఫోను చేసి కనుక్కోవడానికి ఆ రెండు రాత్రులూ పలికే నంబరు ఒకటి ఉండాలి. ఆ సర్వీసు రోడ్డు మీద మా దగ్గర లేనిది అదొక్కటే.

పోటీలు పెట్టేవాళ్లకూ ఇక్కడే ఒక మాట. ఆదివారం సాయంత్రం పెన్‌డ్రైవ్ పట్టుకుని హాలుకు రమ్మనే పద్ధతి ఇంకా ఎక్కడైనా ఉంటే మానేయండి. రెండు రాత్రులు నిద్రలేని కుర్రవాణ్ని సమయం మించిపోతుందన్న కంగారులో ట్రాఫిక్‌లోకి బండి మీద పంపకూడదు. ఆన్‌లైన్‌లో పంపితే తీసుకోండి.

ఛైర్మన్ గారూ, చిన్న సినిమాను ప్రభుత్వం ఎన్నడూ పట్టించుకోలేదని నేననను. భాషా సాంస్కృతిక శాఖ రవీంద్రభారతిలో పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్లో ‘సినివారం’ పేరుతో శనివారాలు షార్ట్ ఫిల్ములు వేసింది. ఊరూ పేరూ లేని కుర్రాళ్లు తమ పేరును పెద్ద తెర మీద మొదటిసారి చూసుకున్న చోటది. కరీంనగర్ నుంచి బొంబాయికి వెళ్లి ఫాల్కే అవార్డు దాకా ఎదిగిన జైరాజ్ పేరు దానికి పెట్టడం కూడా సబబే. గద్దర్ పేరిట సినిమా అవార్డులూ ఇస్తున్నారు. తీసినదాన్ని చూపించడానికి తెర ఉంది, మెచ్చుకోవడానికి వేదిక ఉంది. తీయడానికి వీధే లేదు.

ఒక్క ఏడాది, ఒక్క పోటీకి, ఒక్క హైదరాబాద్‌లోనే ప్రయోగంగా ఈ పత్రం ఇచ్చి చూడండి. ఏ జట్టు మీదైనా ఫిర్యాదు వస్తే ఆ జట్టు సినిమాను పోటీ నుంచి తీసేయించండి, పత్రం రద్దు చేయండి, మళ్లీ ఇవ్వకండి. ఆ అధికారం మీ దగ్గరే ఉంటుంది. వచ్చే పోటీ ప్రకటన వెలువడేలోగా మీ జవాబు కోసం చూస్తాం.

ఇట్లు,
ఒక వారాంతపు సినిమా జట్టు ప్రొడక్షన్ మనిషి,
హైదరాబాద్